జోబర్గ్ నుంచి నమీబియా దాకా 14 రోజులు, కారు టాప్ మీద టెంట్, ఇద్దరు పిల్లలు, అత్తగారు: ప్లాన్ చూసి చెప్పండి

కూకట్‌పల్లి కాపురం
ఆరు నెలలుగా వీడియోలు చూసి చూసి ఒక ప్లాన్ వేశాను. మా ఆవిడ చూసి "ఇది విహారమా, లారీ డ్యూటీనా" అంది. మీరే తేల్చండి.

మేం ఐదుగురం. బాబుకి 9, పాపకి 5. అత్తగారికి 63, మోకాళ్లు తప్ప అన్నీ బాగున్నాయి. మే నెలలో 14 రోజులు. జోహన్నెస్‌బర్గ్‌లో (జోబర్గ్) దిగి, టాప్ మీద టెంట్లున్న టయోటా హైలక్స్ పికప్ తీసుకుంటాం. దక్షిణాఫ్రికాలోనే క్రూగర్ పార్క్‌లో 2 రాత్రులు, అక్కణ్నుంచి బోట్స్వానాలో చోబే పార్క్, విక్టోరియా ఫాల్స్, నమీబియా ఈశాన్య మూల కప్రివీ మీదుగా ఎటోషా పార్క్, చివర్లో సోసస్‌వ్లెయ్ ఎర్ర ఇసుక దిబ్బలు. నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో బండి అప్పగించి ఫ్లైట్. మ్యాప్‌లో మొత్తం నాలుగు వేల కిలోమీటర్లు చూపిస్తోంది. పోయినేడు కాశీకి కారులోనే వెళ్లొచ్చాం కాబట్టి డ్రైవింగ్ అంటే భయం లేదు. ఎక్కడెక్కడ కోయాలి, ఎక్కడెక్కడ కలపాలి?

నిద్రమొహం
కలపడానికి ఇంకా మిగిలిందేంటి సార్, అంటార్కిటికానా?

మిడ్రాండ్ మామ
జోబర్గ్ పక్కనే మిడ్రాండ్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నా. మొహమాటం లేకుండా చెప్తున్నా, మీ ఆవిడే కరెక్ట్.

నాలుగు వేల కిలోమీటర్లంటే మనకు అలవాటైన లెక్క వేరు. క్రూగర్ లోపల తారు రోడ్డు మీద స్పీడ్ 50 దాటకూడదు, మట్టి రోడ్డు మీద 40. అది పైకి రాసిన లిమిట్ మాత్రమే. నిజానికి జంతువుల కోసం ఆగుతూ పోతే గంటకు 25 కూడా పడదు. లోయర్ సాబీ క్యాంప్ నుంచి సటారా క్యాంప్‌కు 93 కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి బయల్దేరితే భోజనాల వేళకి చేరతారు. నమీబియాలో తారు దిగాక అంతా గ్రావెల్ (కంకర రోడ్డు), అక్కడ 80 దాటితే బండి మీ చేతిలో ఉండదు. రాత్రి డ్రైవింగ్ ఈ దేశాల్లో ఎక్కడా వద్దు, రోడ్డు మీద గాడిదలూ కుడూ జింకలూ ఉంటాయి. మేలో క్రూగర్ వైపు సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి.

జోబర్గ్ నుంచి విండ్‌హోక్‌కి నేరుగా వెళ్లినా 1400 కిలోమీటర్లు. మీరు నేరుగా వెళ్లడం లేదు. ఒక్క దేశం పెట్టుకోండి.

బుల్లెట్ బాబ్జీ
మామ గారు మరీ భయపెట్టేస్తున్నారు. క్రూగర్ అంటే కంచె లోపల కూర్చుని ఐస్‌క్రీమ్ తినడం. అసలు ఆఫ్రికా చూడాలంటే బోట్స్వానా. అక్కడి మొరేమీ రిజర్వ్‌లో థర్డ్ బ్రిడ్జ్ క్యాంప్‌లో కంచె ఉండదు, రాత్రి టెంట్ పక్క నుంచే ఏనుగు పోతుంది. మేం నలుగురం ఫ్రెండ్స్ 2019లో వెళ్లాం. జీవితంలో మర్చిపోలేను.

గోదారి గట్టు
బాబ్జీ గారూ, నలుగురు ఫ్రెండ్స్ అన్నారు. ఐదేళ్ల పాప రాత్రి రెండింటికి "నాన్నా, పాస్" అంటే థర్డ్ బ్రిడ్జ్‌లో ఏం చేస్తారు?

బుల్లెట్ బాబ్జీ
టెంట్‌లో మూత ఉన్న బకెట్ పెట్టుకుంటారు. అందరూ చేసేదే.

గోదారి గట్టు
అత్తగారికి కూడా అదే బకెట్టా?

నిద్రమొహం
ఈ ప్రశ్నకు సమాధానం రాసే ముందు కూకట్‌పల్లి గారు ఒకసారి ఇంట్లో పర్మిషన్ తీసుకోవాలి.

గోదారి గట్టు
సరదా పక్కన పెడితే, మేం 2023 మే చివర్లో (అక్కడ చలికాలం మొదలు) పిల్లలతో (7, 4) క్రూగర్ ఒక్కటే చేశాం, తొమ్మిది రాత్రులు. క్రొకడైల్ బ్రిడ్జ్‌లో 2, లోయర్ సాబీలో 3, సటారాలో 2, లెటాబాలో 2. ఒక్క రాత్రి మజిలీ ఎక్కడా పెట్టుకోలేదు, మేం చేసిన తెలివైన పని అదొక్కటే.

తెలివితక్కువ పని కూడా చెప్తా. మేమూ టాప్ మీద టెంట్ల బండే తీసుకున్నాం. వీడియోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. తీరా చూస్తే క్యాంప్ గేటు ఆరింటికి తెరుస్తారు, పులులూ సింహాలూ... పులులు లేవులెండి, అలవాటులో వచ్చేసింది. సింహాలు కనపడేది ఆ మొదటి రెండు గంటల్లోనే. కానీ బండి కదలాలంటే ముందు టెంట్ మడవాలి. చీకట్లో, చలిలో, మంచుకి తడిసిన కాన్వాస్‌ని మడిచి, దాని మీద కవర్ లాగి, జిప్ పట్టక మోకాలితో తొక్కి, వేళ్లు కొంకర్లు పోయి... ఈలోగా పక్క సైట్ వాళ్లు నేల మీద టెంట్ అలాగే వదిలేసి ఫ్లాస్క్‌లో కాఫీ పోసుకుని వెళ్లిపోయారు. వాళ్లకి చిరుత కనపడింది. మాకు జిప్.

రోజూ ఊరు మారే నమీబియా ట్రిప్‌కి టాప్ టెంట్ బాగుంటుంది. ఒకేచోట మూడు రాత్రులుండే క్రూగర్‌కి నేల టెంటే మేలు.

మిడ్రాండ్ మామ
పైన గట్టు గారు చెప్పినది బంగారం. దానికి తోడు, క్రూగర్‌కి ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే బండి) అక్కర్లేదు. సందర్శకులకు వదిలిన రోడ్లన్నీ మామూలు కారుతో తిరగొచ్చు. నేల నుంచి కాస్త ఎత్తుండే బండి అయితే గడ్డి పైనుంచి కనపడుతుంది, అంతే. ఏడు సీట్ల బండి తీసుకోండి, అత్తగారు కాళ్లు చాపుకుంటారు. టెంట్లూ కుర్చీలూ ఇక్కడ కొనుక్కున్నా హైలక్స్ అద్దె తేడాలో సరిపోతాయి.

ఇంకో సంగతి. టాప్ టెంట్‌కి నిచ్చెన ఎక్కాలి. 63 ఏళ్ల మోకాళ్లు అన్నారు.

కూకట్‌పల్లి కాపురం
నిచ్చెన సంగతి నిజంగా తట్టలేదు. వీడియోల్లో ఎవరూ మోకాళ్లు పట్టుకుని ఎక్కరు కదా. ఐదుగురికి రెండు టెంట్లు సరిపోతాయా అనే దగ్గరే ఆగిపోయాను.

వైజాగ్ వేణి
నేను నమీబియా పక్షం. అందరూ క్రూగర్ అంటున్నారు కాబట్టి ఎవరో ఒకరు మాట్లాడాలి.

మా అమ్మని (66) తీసుకుని 2022 ఆగస్టులో వెళ్లాం. విండ్‌హోక్, సెస్రియెమ్, స్వాకోప్‌ముండ్, స్పిట్జ్‌కోప్పె, ఎటోషా, మళ్లీ విండ్‌హోక్. 13 రోజులు, 2300 కిలోమీటర్లు. అమ్మకి టెంట్ బదులు వీలైన చోటల్లా గది తీసుకున్నాం. ఎటోషాలో ఒకావుకుయెజో క్యాంప్‌లో ఒక నీటిగుంట ఉంది. చుట్టూ రాతిగోడ, బెంచీలు, రాత్రంతా లైటు. మేం పిల్లల్ని పడుకోబెట్టి వెళ్లేసరికి అమ్మ అక్కడే ఉంది, శాలువా కప్పుకుని, చేతిలో గ్లాసుతో. మాటల్లేవు, అక్కడ ఎవరూ మాట్లాడరు. నల్ల ఖడ్గమృగం ఒకటి వచ్చింది, దాని వెనకే పిల్ల. నీళ్లలో వాటి నీడ తిరగబడి కనిపిస్తోంది. నీళ్లు తాగే చప్పుడు బెంచీ దాకా వినపడుతోంది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పన్నెండు దాకా కదల్లేదు. సీరియల్ టైమ్‌లో కూడా ఆవిడ అంత నిశ్శబ్దంగా కూర్చోదు.

కాబట్టి క్రూగరే అని తీర్మానం చేసేయకండి.

గోదారి గట్టు
ఇది చదివాక నాకే మళ్లీ వెళ్లాలనిపిస్తోంది. కానీ ఆ 2300లో గ్రావెల్ ఎంత? పంక్చర్లు ఎన్ని?

వైజాగ్ వేణి
సగానికి పైనే గ్రావెల్. పంక్చర్లు రెండు. రెండోది సాలిటైర్ దాకా పాక్కుంటూ పోయి చేయించుకున్నాం. యాపిల్ పై తినడానికి అందరూ ఆగే ఊరు, మేం టైరు కోసం ఆగి పై తిన్నాం.

గ్రావెల్ ఎక్కే ముందు గాలి తగ్గించుకోవాలి, అది నేర్చుకునే వెళ్లండి. మా బండికి తారు మీద 35 పీఎస్ఐ ఉంచితే గ్రావెల్ మీద 26కి దించేవాళ్లం. మా అమ్మాయి పని అది. వాల్వ్ పిన్ మీద పుల్ల పెట్టి నొక్కి ఇరవై లెక్కపెట్టడం, గేజ్ పెట్టి చూడటం, మళ్లీ పది. సోసస్‌వ్లెయ్ చివరి ఐదు కిలోమీటర్లు మెత్తటి ఇసుక, అక్కడ 18కి దించినా మా ముందున్న బండి దిగబడింది. అనుమానముంటే ఆ ఐదు కిలోమీటర్లకు షటిల్ ఉంది, పరువు పోదు.

అద్దె విషయం. మేం తీసుకున్న చోట "ఫుల్ ఇన్సూరెన్స్" అన్నారు. తిరిగి ఇచ్చేటప్పుడు అద్దం మీద రాయి దెబ్బ, కింద భాగంలో గీతలు, రెండూ అందులోకి రావన్నారు. పేరు చెప్పను, తప్పు మాదే, చదవకుండా సంతకం పెట్టాం. టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం, ఇసుక దెబ్బ, ఎదుటి బండి లేకుండా జరిగిన ప్రమాదం... ఈ ఐదూ ఉన్నాయో లేదో విడివిడిగా అడగండి. నమీబియాలో ఎక్కువ ప్రమాదాలు రెండో బండి లేకుండా జరిగేవే. మలుపులో బ్రేక్ వేస్తే పల్టీ. బండిలో ట్రాకర్ ఉంటుంది, స్పీడ్ దాటితే వాళ్లకు తెలిసిపోతుంది, ఇన్సూరెన్స్ పోతుంది.

బుల్లెట్ బాబ్జీ
చూశారా, నమీబియాకి కష్టాలున్నా వెళ్లాలంటున్నారు, బోట్స్వానా అంటే మాత్రం బకెట్ జోకులు.

మిడ్రాండ్ మామ
బాబ్జీ, నీ బోట్స్వానాని ఎవరూ తిట్టలేదు. మౌన్ ఊళ్లో పెట్రోల్ కొట్టిస్తే సవూటీ మీదుగా కసానే చేరేదాకా మధ్యలో మళ్లీ బంకు లేదు. ఇసుకలో దిగబడితే వచ్చే తర్వాతి బండి ఎప్పుడొస్తుందో తెలీదు. అలాంటి చోటికి రెండు బండ్లతో వెళ్లాలి. పిల్లలు పన్నెండు దాటాక తీసుకెళ్లమను, నేనే రెండో బండి తెస్తా.

బుల్లెట్ బాబ్జీ
స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

చిట్టి డాక్టర్
పిల్లల డాక్టర్ని. మలేరియా గురించి ఎవరూ ఎత్తలేదేంటి? క్రూగర్, చోబే, కప్రివీ, ఎటోషా, ఇవన్నీ మలేరియా ఉన్న ప్రాంతాలే. చలికాలంలో తక్కువ, కానీ మే అంటే వానాకాలం అయిపోయి ఎంతో కాలం కాలేదు. మందు ముందుగానే మొదలుపెట్టాలి, పిల్లలకు బరువును బట్టి డోసు ఉంటుంది. పెద్దలు వాడే డాక్సీసైక్లిన్ 8 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వరు, కాబట్టి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే వ్యవహారం కాదు. బయల్దేరే నెల ముందు పిల్లల్ని మీ డాక్టర్‌కి చూపించండి. సాయంత్రం ఫుల్ చేతుల చొక్కా, దోమల మందు. తిరిగొచ్చాక ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా "ఆఫ్రికా వెళ్లొచ్చాం" అని మొదటి మాటగా చెప్పండి.

మలేరియా టెన్షన్ అసలే వద్దనుకుంటే జోబర్గ్‌కి రెండున్నర గంటల్లో పిలనెస్‌బర్గ్ ఉంది, ఆ బెడద లేని పార్క్.

కూకట్‌పల్లి కాపురం
డాక్టర్ గారూ, థాంక్స్. ఎల్లో ఫీవర్ టీకా కూడా వేయించుకోవాలా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

చిట్టి డాక్టర్
ఇండియా నుంచి నేరుగానో, దుబాయ్, దోహా మీదుగానో వెళ్తే అడగరు. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్లి అక్కడ 12 గంటలు దాటి ఆగితే సర్టిఫికెట్ కావాలి. చవక టికెట్ అని పొడవాటి ట్రాన్సిట్ తీసుకునే ముందు చూసుకోండి.

గోదారి గట్టు
పిల్లల బర్త్ సర్టిఫికెట్లు తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్నవి, ఇంగ్లిష్‌లో, ఒరిజినల్స్ పట్టుకెళ్లండి. ఎవరో ఒకరే పిల్లలతో వెళ్తుంటే రెండోవాళ్ల నుంచి నోటరీ చేయించిన సమ్మతి పత్రం. మమ్మల్ని ఎయిర్‌పోర్ట్‌లో అడగలేదు, మా వెనకాల కుటుంబాన్ని అడిగారు.

పుట్నాలపొడి
ముఖ్యమైన విషయం ఎవరూ మాట్లాడటం లేదు. తిండి.

నిద్రమొహం
ఈ హ్యాండిల్ చూసినప్పుడే అనుకున్నా.

పుట్నాలపొడి
నవ్వండి. 14 రోజులు బ్రెడ్డూ జామూ తిన్నాక ఎవరు నవ్వుతారో చూద్దాం. మేం శాకాహారులం, మూడుసార్లు వెళ్లాం. బియ్యం, కందిపప్పు, గోధుమపిండి అక్కడ సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. జోబర్గ్‌లో ఫోర్డ్స్‌బర్గ్ వెళ్తే ఇంగువ, చింతపండుతో సహా అన్నీ ఉంటాయి. ఇంటి నుంచి తీసుకెళ్లేవి పొడులు, ఆవకాయ, పులిహోర పేస్ట్, మూడు లీటర్ల కుక్కర్. పచ్చి కరివేపాకు, విత్తనాలు, తేనె లాంటివి పెట్టకండి, కస్టమ్స్‌లో తీసేస్తారు.

క్రూగర్ క్యాంపుల్లో అందరికీ కలిపి ఒక వంటగది ఉంటుంది, కరెంటు పొయ్యిలు, గిన్నెలు కడుక్కోవడానికి వేడినీళ్లు. మిగతావాళ్లంతా కట్టెల మీద మాంసం కాలుస్తుంటే నేను పోపు పెట్టా. ఆవాలు చిటపటలాడగానే ముగ్గురు వచ్చి ఏంటని అడిగారు. ఒకావిడ డర్బన్ నుంచి, వాళ్ల ముత్తాత చెరకు తోటల కాంట్రాక్టు మీద విశాఖపట్నం వైపు నుంచి వచ్చాడట. తెలుగు రాదు, కానీ "పప్పు" అంది. గిన్నెలో సగం ఆవిడకే పెట్టేశాం.

వైజాగ్ వేణి
చివరి రెండు లైన్లకి కళ్లు చెమర్చాయి. డర్బన్ వైపు ఇప్పటికీ ఆంధ్ర మహాసభ ఉంది.

మాంసాహారులకు ఒక మాట. నమీబియాలో ఉత్తరం నుంచి దక్షిణానికి పచ్చి మాంసం దాటనివ్వరు, పశువుల గాలికుంటు వ్యాధి కోసం పెట్టిన కంచె. ఉత్తరాన రుండు ఊరి నుంచి కిందికి వచ్చేటప్పుడు మురురానీ చెక్‌పోస్ట్‌లో ఫ్రిజ్ తెరిపిస్తారు.

పుట్నాలపొడి
ఆవకాయకి కంచె లేదు.

గోదారి గట్టు
కోతికి కూడా లేదు. లోయర్ సాబీలో మధ్యాహ్నం నేను టెంట్ జిప్ పూర్తిగా వేసి, చిన్న క్లిప్ పెట్టకుండా స్నానానికి వెళ్లా. వర్వెట్ కోతి, చిన్నది, నల్లమొహం. జిప్ పుల్లర్‌ని రెండు వేళ్లతో పట్టుకుని లాగింది, మా వాడు చూస్తూనే ఉన్నాడు, నోట మాట రాలేదట. పులిహోర డబ్బా తీసుకుని చెట్టెక్కి, మూత తీసి, వేరుశనగలు ఏరుకుని తిని, అన్నం మొత్తం పక్క సైట్ వాళ్ల కారు బానెట్ మీద వెదజల్లింది. తిరుపతి కోతులు వీటి ముందు పెద్దమనుషులు.

జిప్‌లు కలిపి క్లిప్ పెట్టండి. ఫ్రిజ్‌కి గొళ్లెం, చెత్తబుట్టకి మూత. రాత్రి కంచె అవతల హైనా తిరుగుతుంటుంది, మాంసం వాసనకి వస్తుంది, దానికి ఏమీ వేయకూడదు.

నిద్రమొహం
కారు బానెట్ వాళ్లు ఏమన్నారు?

గోదారి గట్టు
జర్మన్లు. చాలా మర్యాదగా తుడుచుకున్నారు. మేం ఇచ్చిన మైసూర్‌పాక్ తీసుకోలేదు.

పాలమూరు పోరడు
మే ఎందుకన్నా? గడ్డి ఎత్తుగా ఉంటది, నీళ్లు ఇంకా అన్ని గుంటల్లో ఉంటయి, జంతువులు చెదిరిపోతయి. ఎండ ముదిరే సెప్టెంబర్, అక్టోబర్‌లో అన్నీ నీళ్ల దగ్గరికే వస్తయి. దసరా సెలవులు పెట్టుకోండి. మేం అట్లనే పోయినం, ఒక్క రోజులో మూడు సింహాల గుంపులు.

గోదారి గట్టు
దసరాకి వెళ్తే మధ్యాహ్నం టెంట్‌లో 38 డిగ్రీలు. మేలో పగలు హాయిగా పాతిక ముప్పై మధ్య. జంతువులు తక్కువేం కనపడలేదు మాకు.

పాలమూరు పోరడు
38 అంటే మాకు చలికాలం అన్నా.

మిడ్రాండ్ మామ
ఇద్దరూ నిజమే. పిల్లలు, పెద్దావిడ ఉన్నారు కాబట్టి నా ఓటు మేకే. జూన్ చివర నుంచి జులై మధ్య దాకా మాత్రం రావద్దు, ఇక్కడ స్కూళ్లకు సెలవులు, ఒక్కో సింహం వెనక నలభై కార్లు. మే ఖాళీ. కానీ తెల్లవారుజామున చలి ఉంటుంది, స్వెట్టర్, మంకీ క్యాప్ తెచ్చుకోండి, నవ్వేవాళ్లు లేరు. క్యాంపుల బుకింగ్ 11 నెలల ముందు తెరుచుకుంటుంది. లోయర్ సాబీ, సటారా ముందు అయిపోతాయి.

అత్తగారి విషయం. క్యాంపుల్లో గడ్డి కప్పు, గుండ్రటి గోడల గదులుంటాయి, రొండావెల్ అంటారు. మన కోస్తా చుట్టిల్లే, లోపల బాత్‌రూమ్, ఫ్రిజ్. అదొక్కటి తీసుకుని, నలుగురూ టెంట్‌లో ఉండండి. టెంట్ సైట్లు వేరే వైపు ఉంటాయి, కానీ నడిచే దూరమే. పిల్లలు రెండో రాత్రికి అమ్మమ్మ దగ్గరికే పోతారు, రాసిపెట్టుకోండి.

వైజాగ్ వేణి
పాపకి 5 అన్నారు. పార్క్ వాళ్ల సాయంత్రం, రాత్రి జీపు సఫారీలకు ఆరేళ్లు నిండాలి. బాబుని ఒకరు తీసుకెళ్లి, పాప దగ్గర ఒకరు ఉండాల్సి వస్తుంది, ముందే ఒప్పందం చేసుకోండి. అక్కడికెళ్లాక గొడవ పడటం కంటే నయం.

నిద్రమొహం
ఒప్పందం అని మీరంటున్నారు. పాపతో ఎవరుంటారో ఈ గ్రూప్‌లో అందరికీ తెలుసు.

కూకట్‌పల్లి కాపురం
ఇదంతా ఇంట్లో చదివి వినిపించా. మా ఆవిడ మిడ్రాండ్ మామ గారికి దండం పెట్టింది, అత్తగారు "చుట్టిల్లు" అనే మాట దగ్గర ఆగిపోయారు, చిన్నప్పుడు ఉప్పాడలో అలాంటి ఇంట్లోనే ఉండేవాళ్లట.

మార్చిన ప్లాన్: ఒక్క క్రూగర్. ఫ్లైట్ దిగిన రాత్రి జోబర్గ్‌లోనే నిద్ర, పొద్దున్నే ఎన్4 హైవే మీద బయల్దేరడం. క్రొకడైల్ బ్రిడ్జ్ 2, లోయర్ సాబీ 3, సటారా 3, లెటాబా 2, తిరుగు దారిలో ఒక రాత్రి. ఏడు సీట్ల బండి, నేల టెంట్, అత్తగారికి గది. నమీబియా వచ్చే ఏడాది, వేణి గారూ. బోట్స్వానా పాపకి పన్నెండు వచ్చాక, బాబ్జీ గారి స్క్రీన్‌షాట్‌తో.

బుల్లెట్ బాబ్జీ
ఏడేళ్లు ఆగుతా.

మిడ్రాండ్ మామ
బాగుంది. ఎన్4 మీద మిడెల్‌బర్గ్ దాటాక ఆల్జూ అనే పెట్రోల్ బంకులో ఆగండి. వెనకాల ఖడ్గమృగాలు, అడవిదున్నలు మేస్తుంటాయి, పిల్లలకి అక్కడే సఫారీ మొదలు. పెట్రోల్ మన దగ్గరలాగే వాళ్లే కొడతారు, అద్దం తుడుస్తారు, పది రాండ్లు చేతిలో పెట్టండి. స్టీరింగ్ కుడివైపు, రోడ్డుకి ఎడమవైపు, కాబట్టి మీకు కొత్తేం లేదు. కొత్త ఒక్కటే, రివర్స్. ఏనుగు రోడ్డు మీదికొచ్చి చెవులు విప్పి తల ఊపితే హారన్ కొట్టకూడదు, నెమ్మదిగా వెనక్కి పోవాలి. కణతల నుంచి జిడ్డు కారుతున్న మగ ఏనుగైతే ఇంకా ముందే. కూకట్‌పల్లి ట్రాఫిక్ అలవాటు ఇక్కడ పనికిరాదు.

కూకట్‌పల్లి కాపురం
హారన్ లేకుండా ఎలా నడపాలో ప్రాక్టీస్ చేస్తా. ఇంకో చిన్న అనుమానం, ఫోన్ చార్జర్‌కి ఏ అడాప్టర్ కొనాలి?

పుట్నాలపొడి
కొనొద్దు. అక్కడి పాత సాకెట్ మన గీజర్ ప్లగ్గే, మూడు లావు పిన్నులది. ఇంట్లో పాత ఏసీ ప్లగ్ ఒకటి తీసి ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి బిగించి పట్టుకెళ్లండి, ఐదు ఫోన్లూ ఒకేసారి పెట్టుకోవచ్చు. క్యాంప్ సైట్ దగ్గర కరెంటు స్తంభానికి మాత్రం నీలం రంగు గుండ్రటి ప్లగ్ ఉంటుంది, దానికి వేరే కేబుల్, అక్కడే సూపర్‌మార్కెట్లో కొనుక్కోండి.

కూకట్‌పల్లి కాపురం
కుక్కర్ విజిల్ వేస్తే సింహాలు బెదురుతాయా అని అత్తగారు అడుగుతున్నారు.

గోదారి గట్టు
సింహాల సంగతేమో గానీ తొమ్మిదిన్నర తర్వాత వేస్తే జర్మన్లు వస్తారు.